ఎముకలో రెండు పసుపు గీతలు

పొద్దున్నే ఎముక చూస్తే వరప్రసాదరావుకి ఇడ్లీ గొంతు దిగదు. ముప్ఫై మూడేళ్ళు పోలీసు క్లూస్ టీములో చేసి రిటైరై, ఇప్పుడు నందిగామలో డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్న మనిషికి ఇదేం జబ్బని ఆయన భార్య దెప్పని రోజు లేదు. అందుకని ఆ బుధవారం టిఫిన్ ఎగ్గొట్టి, ఎనిమిదిన్నరకల్లా డాక్టర్ మహిమ ల్యాబులో కూర్చున్నాడు. వద్దంటున్నా, కేసు అప్పగించిన రహీమాబీ కూడా వెంట వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? ఆవిడ కొడుకు నిసార్ ఎనిమిది నెలలుగా జైల్లో ఉన్నాడు. మర్నాడు పదిన్నరకి కోర్టులో అతని బెయిల్ విచారణ. ఇప్పటికి రెండుసార్లు కొట్టేశారు. ఈసారి కూడా కొట్టేస్తే కేసు తేలేదాకా లోపలే ఉండాలి. పోలీసులు చెప్పినట్టు తేలితే ఇక జీవితమంతా లోపలే.

కేసు పైకి చాలా తేలికగా కనిపిస్తుంది. నిసార్, దేవరాజ్ ఇద్దరూ కలిసి ఒక మినీలారీ నడుపుకునేవాళ్ళు. పెనుగంచిప్రోలు చుట్టుపక్కల మిర్చి బస్తాలెత్తి గుంటూరు యార్డుకి తోలేవాళ్ళు. ఫిబ్రవరి పద్ధెనిమిదిన కీసర దగ్గర హైవే మీద టీ కొట్టు ముందు ఇద్దరికీ పెద్ద గొడవైంది. నిసార్ బండి తాళాలు లాక్కుని "ఇంకోసారి స్టీరింగు పట్టుకున్నావంటే కాళ్ళు విరగ్గొడతా" అని అరిచాడు. పది పదిహేను మంది విన్నారు. ఆ సాయంత్రం నుంచి దేవరాజ్ ఆచూకీ లేదు. నాలుగోరోజు దేవరాజ్ తమ్ముడు రత్నబాబు కంప్లైంటు ఇచ్చాడు. అదే రోజు నిసార్‌ని పట్టుకెళ్ళారు. సెప్టెంబరులో మున్నేటి వరద తీసిన తర్వాత ఇసకలో ఒక కుడికాలి ఎముక బయటపడింది. మోకాలి కింద రంపంతో కోసినట్టుంది. డీఎన్ఏ పరీక్షలో అది దేవరాజ్‌దేనని తేలింది. నిసార్ బావమరిదికి జగ్గయ్యపేటలో రాళ్ళు కోసే మిషన్ ఉంది. పోలీసులకి ఇంకేం కావాలి?

"ఇలా రా బాబాయ్, చూడు" అంది మహిమ. వరప్రసాదరావు చనిపోయిన స్నేహితుడి కూతురు ఆమె. ఎముకల జబ్బుల మీద పెద్ద చదువు చదివింది. నిసార్ లాయరు అర్జీ పెట్టుకుంటే, ఆ ఎముకలోంచి గోటంత ముక్క పరీక్షకి ఇమ్మని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని కాగితం కంటే పల్చగా కోసి గాజుపలక మీద అంటించింది మహిమ.

ఆమె లైటు ఆర్పి, బట్టల కొట్లలో దొంగనోట్లు పట్టుకునే నీలం దీపం లాంటిది వెలిగించింది. మైక్రోస్కోపు తెర మీద ముందు మసక నీలం కనిపించింది. ఆ మధ్యలో నిమ్మపండు రంగులో రెండు గీతలు, ఒకదాని పక్కన ఒకటి, గీసి పెట్టినట్టు మెరిశాయి.

"ఏంటమ్మా అవి?" అన్నాడు వరప్రసాదరావు. ఇడ్లీ సంగతి మర్చిపోయాడు.

"అందరూ ఎముకంటే రాయనుకుంటారు. కానీ అది బతికున్నంతకాలం ఎక్కడో ఒకచోట కట్టుకుంటూనే ఉంటుంది. ముందు కణాలు మాంసకృత్తుల పోగులతో మెత్తటి వల అల్లుతాయి. అది జిగురులా వంగుతుంది, గట్టిదనం ఉండదు. పదిపదిహేను రోజులకి ఆ పోగుల సందుల్లో కాల్షియం, ఫాస్ఫరసు కలిసి కంటికి కనపడనంత చిన్న పలుకులుగా తేలతాయి. ఆ పలుకులు పెరిగి ఒకదాన్నొకటి ఒరుసుకుని గట్టిపడితే అదే ఎముక. పటికబెల్లం ఎలా చేస్తారో చూశావుగా? పాకంలో దారం వేలాడదీస్తే దారాన్ని పట్టుకుని పలుకులు పెరుగుతాయి. ఇదీ అంతే."

"మరి పసుపు?"

"డాక్సీసైక్లిన్. పుండ్లకీ జ్వరాలకీ ఇచ్చే మాత్ర. అది రక్తంలో ఉన్న రోజుల్లో ఎక్కడ కొత్తగా కాల్షియం పేరుకుంటోందో అక్కడికెళ్ళి అతుక్కుంటుంది. పైన తర్వాతి పొర పడేసరికి లోపల ఇరుక్కుపోతుంది. ఇక బయటికి రాదు. ఈ దీపం కింద పెడితే ఇలా మెరుస్తుంది. రెండు గీతలున్నాయంటే రెండుసార్లు మాత్రలు వాడాడు."

రహీమాబీ కుర్చీలోంచి లేచి తెర దగ్గరికొచ్చింది. "మొదటిసారి మాత్రలు నేనెరుగుదును" అంది.

వరప్రసాదరావు చటుక్కున ఆవిడ వైపు తిరిగాడు. మూడు వారాలుగా ఆవిడతో మాట్లాడుతున్నా ఈ మాట ఇప్పుడే బయటికొచ్చింది. "ఎప్పుడు? ఏ తారీఖు?"

"ఆ పిల్లోడికి షుగరు కదండీ. కుడికాలి బొటనవేలు పుండు పడింది. కాలు మొద్దుబారిపోయి మేకు గుచ్చుకున్నా తెలిసేది కాదు. ఫిబ్రవరి ఐదున నిసారే జగ్గయ్యపేట డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాడు. పదిరోజుల మాత్రలు రాశారు. రోజూ రెండు పూటలా మా ఇంట్లోనే అన్నం తినేవాడు. వీడు పక్కన కూచుని నోట్లో వేసి, నాలుక చూపించమనేవాడండీ, చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు."

"పద్నాలుగుతో అయిపోయాయి. పద్ధెనిమిదిన గొడవ" అన్నాడు వరప్రసాదరావు.

"గొడవెందుకంటారు? మొద్దుబారిన కాలుతో బ్రేకెట్టా తొక్కుతావు, ఎవర్నన్నా గుద్దుతావు, బండి దిగరా అన్నాడండి మావాడు. వాడు దిగలేదు. అదే గొడవ." ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మహిమ తెర మీద స్కేలు పెట్టింది. "మొదటి గీత నుంచి రెండో గీతకి నలభై మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతులు నలభై. ఇలాంటిచోట ఎముక రోజుకి ఇంచుమించు ఒక మైక్రాన్ పెరుగుతుంది. రెండో గీత నుంచి అంచుకి ఇంకో ఇరవై. మొత్తం అరవై రోజులు. ఐదారు రోజులు అటూ ఇటూ వేసుకో."

వరప్రసాదరావు వేళ్ళు మడిచాడు. ఫిబ్రవరి పద్నాలుగు నుంచి అరవై రోజులు లెక్కేస్తే ఏప్రిల్ పదిహేను వస్తోంది.

"మనిషి పోయాక కూడా ఇది కొనసాగుతుందా?"

"ఒక్క పలుకు కూడా కొత్తగా చేరదు బాబాయ్. రక్తం ఆగిన పూటే ఆగిపోతుంది."

అంటే, నిసార్ ఫిబ్రవరి పద్ధెనిమిదిన చంపేశాడని పోలీసులంటున్న దేవరాజ్ ఏప్రిల్ నడిమి దాకా బతికే ఉన్నాడు. ఆ రెండు నెలల్లో మళ్ళీ ఎవరో మాత్రలు కూడా మింగించారు. నిసార్ అప్పటికే జైల్లో ఉన్నాడు. వరప్రసాదరావుకి గుండెల మీద బరువు దిగినట్టయింది. రహీమాబీకి లెక్కలు తెలియవు గానీ ఆయన మొహం చూసి అర్థమైపోయింది. నేలమీదే కూలబడి రెండు చేతులూ పైకెత్తింది.

పదింబావుకి వరప్రసాదరావు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సతీష్‌బాబు టేబుల్ మీద మహిమ రిపోర్టు పెట్టాడు. పదేళ్ళ క్రితం ఈ సతీష్‌బాబుకి వేలిముద్రలు తియ్యడం నేర్పింది వరప్రసాదరావే. ఆ కృతజ్ఞతని అతను వెటకారం రూపంలో తీర్చుకుంటూ ఉంటాడు.

"రండి గురువుగారూ. ఎముకలతో కబుర్లాడొచ్చారట?"

"అవి అబద్ధం చెప్పవు సతీషూ. అదొక సుఖం."

సతీష్‌బాబు రిపోర్టు రెండుసార్లు చదివాడు. తొందరపడి తోసెయ్యలేదు. అతనిలో వరప్రసాదరావుకి నచ్చేదీ, ఒళ్ళు మండించేదీ అదే.

"బాగుంది. ఒక్క ప్రశ్న. మొదటి గీత ఫిబ్రవరిదని ఎవరన్నారు?"

"డాక్టరు చీటీ ఉంది. మందుల షాపు బిల్లుంది."

"కొన్నట్టు బిల్లుంది. మింగినట్టు?"

వరప్రసాదరావు రిపోర్టు మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు.

"మింగినట్టు చెప్పేది నిందితుడూ, నిందితుడి తల్లీ. ఆ మాత్రలు దేవరాజ్ మున్నేట్లో పారేశాడనుకోండి. మీ రెండు గీతల్లో ఒకటి డిసెంబరుది, ఇంకోటి జనవరిది కావచ్చు. అప్పుడు మీ అరవై రోజులూ ఫిబ్రవరి పద్ధెనిమిదికే సరిపోతాయి. రేపు జడ్జిగారి ముందు ప్రభుత్వ లాయరు ఇదే అడుగుతాడు. లేదంటే నేనే రాసిస్తా."

"నువ్వు రాసివ్వకపోయినా వాడడుగుతాడులే."

"పద్ధెనిమిది తర్వాత దేవరాజ్‌ని కళ్ళారా చూసినవాణ్ణి ఒక్కణ్ణి పట్రండి గురువుగారూ. నిసార్‌ని వదిలెయ్యమని నేనే కోర్టులో చెప్తా. నాకేం వాడితో పగా?"

"చూసినవాడు దొరికితే నీ కేసు ఏమవుతుందో తెలుసుగా?"

"దొరికినప్పుడు చూద్దాం." సతీష్‌బాబు ఫైలు మూశాడు. "ఒక మాట. మీరు పెద్దవారు. సాక్షుల దగ్గరికెళ్ళి ఇది చెప్పు, అది చెప్పు అంటే మాత్రం ఊరుకోను."

వరప్రసాదరావు చెవులు ఎర్రబడ్డాయి. లేచి బయటికొచ్చేశాడు. అయితే బైకు స్టార్టు చేస్తున్నప్పుడు తనలో తను ఒప్పుకున్నాడు, శిష్యుడు పట్టుకున్న కన్నం నిజంగా కన్నమే. దాన్ని పూడ్చడానికి మర్నాడు పదిన్నర దాకానే టైముంది.

పన్నెండూ ఐదుకి పెనుగంచిప్రోలు దాటి మున్నేటి ఒడ్డుకి చేరాడు. ఎముక దొరికినచోట పోలీసులు పాతిన కర్ర ఇంకా ఉంది. ఫోనులో అప్పటి పోలీసు ఫొటోలు తెరిచి చూశాడు. ఎముక పక్కన నాలుగు చిన్న మేకులు, చేతి వెడల్పు ప్లైవుడ్ ముక్క. వరదలో చెత్త బోలెడు కొట్టుకొస్తుందని ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఆ ముక్కని వరప్రసాదరావు ఫొటోలో నలభైసార్లు చూశాడు, చూసి వదిలేశాడు. ఇప్పుడు ఒక్కటే ప్రశ్న వేసుకున్నాడు. ఇవి ఎముకతో పాటు వస్తే ఎక్కణ్ణుంచి రావాలి?

ఏటికి ఎదురు నడిచాడు. మూడొందల అడుగుల్లో ఒడ్డు నిలువునా కోసుకుపోయి ఉంది. పైన క్రైస్తవుల సమాధుల తోట. వరద ఓ పక్క రెండు వరసలు నమిలేసింది. కోసుకుపోయిన మట్టిలోంచి ఏదో చెక్క అంచు బయటికి పొడుచుకొచ్చింది. పాకి, చేత్తో మట్టి గోకాడు. పెట్టెలో సగం. అదే ప్లైవుడ్, అవే మేకులు. టేపు పెట్టి కొలిచాడు. వెడల్పు పది అంగుళాలు. మిగిలిన సగాన్ని బట్టి చూస్తే పొడవు మూడడుగులుండాలి. పెద్ద మనిషికి సరిపోదు. పసిబిడ్డకైతే ఇంత పొడుగూ ఇంత ఇరుకూ ఎవరు చేయిస్తారు?

వరప్రసాదరావు అక్కడే మట్టిలో చతికిలబడి పెద్దగా నవ్వేశాడు. తనని తను తిట్టుకుంటూ నవ్వాడు.

ఆయనకి పాతికేళ్ళప్పుడు వాళ్ళ నాన్నకి షుగరు వల్ల కాలు తీసేశారు. ఆసుపత్రివాళ్ళు దాన్ని గుడ్డలో చుట్టి ఇస్తే, వాళ్ళమ్మ పారెయ్యనివ్వలేదు. సరిగ్గా ఇలాంటి పెట్టే చేయించి, నాన్న కోసం ఉంచుకున్న సమాధి జాగాలో పాతించింది. పునరుత్థాన దినాన మనిషి కుంటుతూ లేవకూడదని ఆవిడ పట్టుదల. ఆ పెట్టె చంకన పెట్టుకుని మోసింది వరప్రసాదరావే. అలాంటి మనిషి మూడు వారాలుగా రంపం గుర్తులు చూసి హంతకుడి కోసం వెతుకుతున్నాడు. ఎముక కోసినవాడు డాక్టరు కావచ్చని ఒక్కసారి తట్టలేదు.

పెట్టె ఉన్న గోతి పక్కన పాత సమాధి రాయి మీద పేరు చదివాడు. సారమ్మ. దేవరాజ్ తల్లి.

తోట కాపలాదారు రత్తయ్య పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. డెబ్భై దాటిన మనిషి. ఊళ్ళో నలభై ఏళ్ళుగా సమాధులు తవ్వేది అతనే.

"రత్తయ్యా, సారమ్మ పక్కన చిన్న గొయ్యి ఎప్పుడు తవ్వావు?"

రత్తయ్య చేతిలో చెంబు ఆగిపోయింది. "నేనేం తవ్వలేదు బాబూ."

"నువ్వు గాక ఈ తోటలో పార పట్టేదెవరు?"

"వరదకి అన్నీ కలిసిపోయినయ్యి. ఏది ఎప్పటిదో నాకేం గుర్తు?"

"మా నాన్న కాలు నేనే పాతాను రత్తయ్యా. నువ్వు పాతింది తప్పని నేననడం లేదు. తారీఖు చెప్పు చాలు."

రత్తయ్య ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు. "బైబిలు మీద చెయ్యేసి ప్రమాణం చేశా బాబూ. చెబితే దేవరాజుకి ఉరిపడుద్దంట."

"ఎవరు చెప్పారు?"

రత్తయ్య చెంబు బోర్లించి పక్కన పెట్టాడు.

"సరే, నేను చెప్తా విను. మీ దేవరాజ్‌ని చంపాడని నిసార్ ఎనిమిది నెలలుగా జైల్లో ఉన్నాడు. రేపు బెయిల్ రాకపోతే..."

"అబ్బే, నిసారుకి బెయిలొచ్చిందిగా! ఎండాకాలంలోనే ఇంటికెళ్ళిపోయాడని రత్నబాబు చెప్పాడే!"

అన్నాక నాలిక కరుచుకున్నాడు గానీ అప్పటికే పేరు బయటపడింది. వరప్రసాదరావు ఫోను తీసి రహీమాబీకి కలిపి, స్పీకరు పెట్టాడు. "అమ్మా, నిసార్ ఎక్కడున్నాడు?"

"అదేంటండీ అట్టా అడుగుతారు? జైల్లో. పోయిన శుక్రవారం ములాఖాత్‌కి వెళ్తే, అమ్మీ, దేవరాజు కాలి పుండు మానిందో లేదో ఎవరన్నా కనుక్కున్నారా అని అడిగాడండి. ఆ పిల్లోడు బతికే ఉన్నాడని వాడికింకా నమ్మకం."

రత్తయ్య పంపు గట్టు మీద కూర్చుండిపోయాడు. తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. ఇక ఆగలేదు.

"మట్టల ఆదివారం మర్నాడు బాబూ. సోమవారం, ఏప్రిల్ పద్నాలుగు. తెల్లారి ఆరింటికి. రత్నబాబు పెట్టె తెచ్చాడు. ఖమ్మం వైపు ఎక్కడో ఆసుపత్రిలో తీయించారంట, వేరే పేరు మీద. నేను తవ్వి దింపా."

మహిమ లెక్క ఏప్రిల్ పదిహేను. ఒక్కరోజు తేడా.

"దేవరాజ్ ఎలా ఉన్నాడని చెప్పాడు రత్నబాబు?"

"ఆయన చెప్పేదేంటి బాబూ? దేవరాజు ఆటోలోనే కూచునున్నాడుగా! దించమన్నాడు. ఇద్దరం రెక్కలు పట్టుకుని దించాం. అమ్మ సమాధికి ఆనుకుని, తన కాలి మీద తనే మూడు దోసిళ్ళ మట్టేశాడు. నాకు తెలిసి అట్టాంటి సమాధి కార్యక్రమం ఎక్కడా జరగలేదు. మామా, గుడి గంట వినపడేచోట ఉంటున్నా, ఏట్లో పడవలు చూసుకుంటా బతుకుతున్నా అన్నాడు. తర్వాత మళ్ళీ చూడలేదు."

ఏరు, గుడి గంట, పడవలు. ఈ మూడూ కలిసే ఊరు ఇటువైపు వేదాద్రి ఒక్కటే. వరప్రసాదరావు టైము చూసుకున్నాడు. ఒంటిగంటా పది. సతీష్‌బాబుకి ఫోను చేశాడు.

"కళ్ళారా చూసినవాణ్ణి పట్టా. నేనేం చెప్పించలేదు, నువ్వే వచ్చి అడుగు. ముందు ఒకటి చూసిపెట్టు. ఫిబ్రవరి పద్ధెనిమిదిన కీసర చుట్టుపక్కల యాక్సిడెంటులో ఎవరన్నా పోయారా?"

"ఎందుకు?"

"బతికున్నవాడు ఉరికెందుకు భయపడుతున్నాడో తెలియాలి కదా. మొద్దుబారిన కాలుతో ఎవర్నన్నా గుద్దుతావని నిసార్ ముందే అన్నాడు."

అవతల రికార్డులు తెమ్మని సతీష్‌బాబు ఎవర్నో కేకేశాడు. అది విని వరప్రసాదరావుకి పదేళ్ళ వయసు తగ్గింది.

రెండూ యాభైకి జీపు వేదాద్రిలో ఆగింది. ఒంటికాలి మనిషిని కనుక్కోవడానికి సతీష్‌బాబు కానిస్టేబుళ్ళకి పది నిమిషాలు పట్టింది. ఏటి వైపు తోటలో ఒక రేకుల గది. గది ముందు ఆటో, స్టార్టు చేసే ఉంది. సమాధుల తోటలో ఎవరో పెట్టె తవ్వుతున్నారని పెనుగంచిప్రోలు నుంచి ఎవరు ఫోను చేశారో గానీ, రత్నబాబు వీళ్ళకంటే ముందే వచ్చేశాడు.

"లే అన్నయ్యా, టైము లేదు, పోలీసులొస్తున్నారు!" లోపల్నుంచి అతని గొంతు వినిపించింది.

"వచ్చేశారు" అన్నాడు సతీష్‌బాబు గుమ్మంలో నిలబడి.

రత్నబాబు వెనక తలుపు వైపు దూకాడు. అక్కడ వరప్రసాదరావు నిలబడి ఉన్నాడు. అరవై దాటిన డిటెక్టివ్ కుస్తీ పట్టలేదు. తలుపు బయటి గొళ్ళెం పెట్టేసి ఊరుకున్నాడు. మిగతా పని కానిస్టేబుళ్ళు చూసుకున్నారు.

మంచం మీద చంక కర్ర పట్టుకుని, గడ్డం పెరిగిన మనిషి బిక్కచచ్చిపోయి చూస్తున్నాడు. కుడి ప్యాంటు కాలు మోకాలి కింద మడిచి పిన్ను పెట్టి ఉంది. డీఎన్ఏ రిపోర్టు ప్రకారం చనిపోయిన దేవరాజ్, రెండు చేతులూ జోడించాడు.

"ఒప్పుకుంటానండి. కావాలని చెయ్యలేదు. నిసార్ తాళాలు లాక్కున్నాడన్న ఉక్రోషంతో తమ్ముడి ఆటో తీసుకెళ్ళా. బ్రేకు మీద కాలు పడిందో లేదో తెలియలా. ముసలాయన్ని గుద్దేశా. ఆయన పోయాడని తమ్ముడు చెప్పాడు. వాళ్ళకి పిల్లలున్నారాండీ?"

ఎప్పుడూ తడబడని సతీష్‌బాబు ఇప్పుడు తడబడ్డాడు. "ఇప్పుడే రికార్డులన్నీ చూసొచ్చాం. ఆ రోజు కీసర దగ్గర ఒక ముసలాయనకి మోచెయ్యి గీరుకుపోయింది. కట్టు కట్టించుకుని ఇంటికెళ్ళాడు. కేసు కూడా పెట్టలేదు. నువ్వెవర్నీ చంపలేదు."

దేవరాజ్‌కి ఆ మాట ఎక్కలేదు. సతీష్‌బాబు మళ్ళీ చెప్పాడు. అప్పుడు ఆ మనిషి మొహం దిండులో పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. ఎనిమిది నెలలుగా మోస్తున్న ముసలాయన ఒక్కసారిగా బతికొచ్చినట్టయింది అతనికి. ఏడుస్తూనే నవ్వాడు. చూస్తున్న కానిస్టేబుల్ ఒకడు కళ్ళు తుడుచుకున్నాడు.

తమ్ముడు అలా ఎందుకు చెప్పాడో అడిగితే, మంచం కింద ట్రంకుపెట్టెలోంచి కాగితాల జిరాక్సు తీసిచ్చాడు. కీసర రోడ్డు పక్కన అన్నదమ్ముల ఉమ్మడి ఎకరం. అమ్మనని దేవరాజ్ మొండికేసిన ఎకరం. కేసు మాఫీ చేయించాలంటే కావాలని చెప్పి రత్నబాబు దాని మీద సంతకాలు చేయించుకున్నాడు. మిగిలింది వరప్రసాదరావుకి వేరే చెప్పక్కర్లేదు. దేవరాజ్ కోసం ఊళ్ళన్నీ గాలించేవాడు లోకంలో నిసార్ ఒక్కడే. రెండు మూడు రోజులు వదిలితే పట్టేసేవాడు. అందుకే నాలుగో రోజున కంప్లైంటు పడింది. ఏటి ఇసకలో ఎముక దొరకడం మాత్రం రత్నబాబు కూడా అనుకోని సంగతి. అన్న బతికుండగానే చావు సర్టిఫికెట్టు చేతికొచ్చేట్టు చేసింది అది.

దేవరాజ్ మొహం తుడుచుకుని తలెత్తాడు. "నిసార్ ఎక్కడండీ? మీతో రాలేదా? నామీద కోపంగా ఉన్నాడా? మాత్రలు మానెయ్యలేదని చెప్పండి. ఆసుపత్రిలో కూడా అవే ఇచ్చారు, వేసుకున్నా."

సతీష్‌బాబు వరప్రసాదరావు వైపు చూశాడు. ఇది మీరే చెప్పాలి అన్నట్టుంది ఆ చూపు. వరప్రసాదరావు మంచం అంచు మీద కూర్చుని, మెల్లిగా, ఏదీ దాచకుండా చెప్పాడు. టీ కొట్టు దగ్గర మాట, నాలుగోరోజు అరెస్టు, రెండుసార్లు కొట్టేసిన బెయిల్, రాళ్ళు కోసే మిషన్, ఎముక.

దేవరాజ్ ఒక్క మాట కూడా మధ్యలో అడ్డం రాలేదు. అంతా విన్నాక పక్క గదిలో కూర్చోబెట్టిన తమ్ముడి వైపు కూడా చూడలేదు. "నిసార్ వాళ్ళమ్మకి ఫోను కలపండి" అన్నాడు.

వరప్రసాదరావు కలిపి ఇచ్చాడు. అవతల రహీమాబీ "సారూ?" అంది.

"పిన్నీ. నేను, దేవరాజ్‌ని."

గదిలో ఉన్నవాళ్ళంతా ఆ ఫోను వైపే చూస్తున్నారు. తిడుతుందని దేవరాజ్ కళ్ళు మూసుకున్నాడు.

"రేపు పదిన్నరకి కోర్టు నాయనా" అంది రహీమాబీ చాలాసేపటికి. "ఆలస్యం చెయ్యకు."

"ఇప్పుడే బయల్దేరుతున్నా పిన్నీ" అని దేవరాజ్ కర్ర అందుకున్నాడు.